మా పిల్లలు సైంటిస్టును కలిసిన రోజు

నల్గొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే మా పిల్లలు పోలీసు, టీచర్, డాక్టర్ అంటారు. సైంటిస్టు అని ఒక్కరూ అనరు. ఎలా అంటారు, ఎప్పుడైనా ఒకరిని చూస్తే కదా!

కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ ల్యాబులు 2017 నుంచి 'జిజ్ఞాస' కార్యక్రమం కింద బడి పిల్లలను లోపలికి పిలుస్తున్నాయని తెలిసి, హైదరాబాద్ హబ్సిగూడలో కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే వాళ్ల ల్యాబు సీసీఎంబీకి మెయిల్ పెట్టాను. పదో తరగతి, ముప్పై మంది, అనువంశికత పాఠం అయిపోయింది, తెలుగులో మాట్లాడేవాళ్లుంటే బాగుంటుంది అని వివరంగా రాశాను. తేదీ ఇచ్చారు. కానీ మా పర్మిషన్ కాగితం ఒక ఆఫీసులో మూడు వారాలు కదల్లేదు. "పరీక్షల ఏడాది పిల్లల్ని తిప్పుతారా?" అన్న మాట కూడా పడ్డాను. నాలుగుసార్లు తిరిగాక సంతకం అయింది.

వెళ్లేముందు ఒక్కొక్కరి చేత ఒక్కో ప్రశ్న చీటీ మీద రాయించాను. పుస్తకంలో జవాబు దొరికే ప్రశ్నలు తీసేశాను. ఎవరైనా పిల్లల్ని తీసుకెళ్తే ఈ పని మాత్రం మానకండి.

అక్కడ ఒక రీసెర్చ్ అమ్మాయి మైక్రోస్కోప్ కింద పండు ఈగల్ని చూపించింది. ఒకదానికి ఎర్ర కళ్లు, ఇంకోదానికి తెల్ల కళ్లు. నేను బోర్డు మీద బఠానీలు గీసి చెప్పిన పాఠం అక్కడ కదులుతోంది. తనూ జడ్పీ స్కూల్లో తెలుగు మీడియంలోనే చదివానని చెప్పేసరికి, "మేడం" అంటున్న పిల్లలు "అక్కా" అనడం మొదలుపెట్టారు. నెట్ అనే జాతీయ పరీక్ష పాసై జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూనే నెలకు 37,000 ఫెలోషిప్ వస్తుందంటే నమ్మలేకపోయారు. చదువుకుంటే డబ్బులిస్తారా!

వెనక బెంచీ అబ్బాయి చీటీ చదివాడు: "ప్రయోగం ఫెయిలైతే తిడతారా అక్కా?"

ఆమె తన ల్యాబ్ నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది. పేజీ తర్వాత పేజీ తేదీ వేసి, కింద ఎర్ర ఇంకుతో "రాలేదు" అని ఉంది. ఒకే ప్రయోగం, ఆరు నెలలు. వాడు ఒక్కో పేజీ తిప్పి చూశాడు.

తర్వాతి వారం పెసర మొలకల ప్రయోగం ఇచ్చాను. ఎప్పుడూ పక్కవాడిది చూసి రాసే ఆ అబ్బాయి ఈసారి తేదీ వేసి రాశాడు: "మొలకలు రాలేదు. నీళ్లు ఎక్కువయ్యాయేమో. రేపు మళ్లీ వేస్తాను."