పచ్చికను తూచి మేపడం: నా అనుభవం

ఆవులను ఏ మడిలోకి ఎప్పుడు తోలాలి, అక్కడ ఎన్నాళ్లు ఉంచాలి అన్నది చాలాకాలం కంటి అంచనాతోనే నడిపాం. ఒక మడిలో మూడు రోజుల మేత ఉందని నేనంటే, రెండు రోజులకే అయిపోతుందని మా తమ్ముడు అనేవాడు. ఇద్దరం పశువుల మధ్య పెరిగినవాళ్లమే, అయినా మాట కలిసేది కాదు. కంటికి ముందు ఆనేది గడ్డి ఎత్తు. ఆవుకు పనికొచ్చేది అందులోని పొడి పదార్థం, అంటే నీరంతా పోగా మిగిలే బరువు. వానకు తడిసిన లేత పచ్చికలో వంద గ్రాములకు అది పదిహేను గ్రాములు కూడా ఉండకపోవచ్చు. ముదిరి ఎండ తగిలిన గడ్డిలో పాతిక దాటుతుంది. ఒత్తు సంగతి సరేసరి. మోకాలెత్తు పలచటి గడ్డి కన్నా జానెడు దట్టమైన పచ్చిక ఎక్కువ తూగడం నా చేతులతో చూశాను.

కోసి, ఆరబెట్టి, తూచడం పాత పద్ధతే. దానికి కావలసినవీ తక్కువే: అటూ ఇటూ 50 సెంటీమీటర్లు ఉండే ఇనుప చట్రం, పెద్ద కత్తెర, గ్రాముల్లో చూపే త్రాసు, స్కేలు, కొన్ని సంచులు.

చట్రం ఎక్కడ పెట్టాలన్న దగ్గరే అసలు కష్టం. మనకు తెలియకుండానే చెయ్యి పచ్చగా, ఒత్తుగా ఉన్న చోటికి పోతుంది. అందుకని మడిలో ఈ మూల నుంచి ఆ మూలకు వంకరటింకరగా నడుస్తూ, ముందే అనుకున్నన్ని అడుగులకు ఆగి, బూటు కొన దగ్గర చట్రం దించుతాం. అక్కడ బోడి నేల తగిలినా సరే, అదీ లెక్కే. గేటు పక్కన, నీళ్ల తొట్టె చుట్టూ మాత్రం వదిలేస్తాం, అక్కడ తొక్కుడు ఎక్కువ. మంచు ఆరాకే కోస్తాం. ఆవులు మేశాక ఎంత మొదలు మిగలాలనుకుంటామో అంత ఎత్తులోనే కత్తెర పెట్టాలి. మా పచ్చికకు అది 5 సెంటీమీటర్లు. దుబ్బు కట్టి పొడవుగా పెరిగే గడ్డికి ఇంకా ఎత్తు వదలాలి. నేల దాకా గీకితే కాగితం మీద మేత ఎక్కువ కనిపిస్తుంది, ఆవు నోటికి అందదు.

ఆరబెట్టడం మైక్రోవేవ్‌లో. గడ్డి కలిపి సరిగ్గా 100 గ్రాములు తీసి పళ్లెంలో పలచగా పరుస్తాను. పక్కన కప్పు నీళ్లు తప్పకుండా పెట్టాలి, లేకపోతే చివర్లో గడ్డి అంటుకునే ప్రమాదం ఉంది. మొదట కొన్ని నిమిషాలు, తర్వాత అర నిమిషం చొప్పున. ప్రతిసారీ తీసి, తిరగేసి, తూచాలి. వరుసగా రెండుసార్లు అదే బరువు చూపితే ఆరినట్టు. మాడిన వాసన వస్తే ఆ నమూనా పారేసి కొత్తది పెట్టాలి, ఎందుకంటే అప్పుడు పోతున్నది నీరు కాదు, మేతే.

లెక్క ఇలా ఉంటుంది. చట్రాల సగటు 240 గ్రాముల పచ్చి గడ్డి, 100 గ్రాములు ఆరితే 18 మిగిలాయి అనుకుందాం. అంటే చట్రానికి 43 గ్రాముల పొడి పదార్థం. దాన్ని 16.2తో గుణిస్తే ఎకరానికి కిలోలు వస్తాయి, ఇక్కడ దాదాపు 700. హెక్టారుకైతే 40తో గుణించాలి. తొక్కుడుకూ పేడకూ పోగా 70 శాతం తింటాయనుకుంటే 490 కిలోలు. రోజుకు తలకు 10 కిలోల పొడి పదార్థం చొప్పున ఇరవై ఆవులకు రెండున్నర రోజులు కూడా రాదు. మా ఇద్దరి వాదన ఆ కాగితంతోనే ఆగిపోయింది.

వారం వారం ఇంత కోత ఎవరివల్లా కాదు. అందుకే కోసే ముందు ప్రతి చట్రంలో ఎత్తు కొలిచి బరువు పక్కన రాసుకున్నాం. ఆ జతలు పోగయ్యాక, ఇంత ఎత్తుకు ఇంత బరువు అన్న మా సొంత లెక్క వచ్చింది. తర్వాత రైజింగ్ ప్లేట్ మీటర్ తీసుకున్నాం. దాని పళ్లెం గడ్డి మీద ఆనినప్పుడు ఎత్తుతో పాటు ఒత్తూ కొలతలోకి వస్తుంది, నడుస్తూనే మడికి ముప్పై నలభై చోట్ల దించవచ్చు. దానితో వచ్చే సూత్రం వేరే గడ్డి మీద తయారైనది కావచ్చు కాబట్టి, మన కోతలతో సరిచూసుకున్నాకే నమ్మాలి.

ఇప్పుడు ప్రతి వారం ఒకే రోజున అన్ని మడులూ నడుస్తాం. మేపని మడిలో పోయిన వారానికీ ఈ వారానికీ ఉన్న తేడాను ఏడుతో భాగిస్తే రోజుకు ఎంత పెరుగుతోందో తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా విలువైన అంకె ఇదే. పెరుగుదల మందగిస్తే ఎండుమేత ముందే మొదలుపెట్టి, మడులకు ఇంకొన్నాళ్లు విశ్రాంతి ఇస్తున్నాం. పెరుగుదల మేత అవసరాన్ని దాటితే ఒక మడి మేపకుండా కోతకు వదిలేస్తున్నాం. ఆవులు బయటికి వచ్చాక మిగిలిన మొదలు కూడా కొలుస్తాం. అది 5 కన్నా కిందికి పోతే మర్నాటి నుంచి వాటిని ముందే తీస్తాం, ఆకు మిగలకపోతే గడ్డి తిరిగి లేవడానికి చాలా రోజులు పడుతుంది.

కొన్ని మడుల్లో ఇప్పుడు గడ్డి వెన్ను తీస్తోంది. కాడ గట్టిపడి పళ్లెం పైకే నిలబడుతోంది, మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తోంది. ఆ దశకు వేరే లెక్క కట్టడానికి కోతలు ఇంకా సరిపడా కాలేదు. అవి పూర్తయ్యేదాకా ఆ మడులను కోసి, తూచే మేపుతున్నాం.