నా రక్తంలో గులాబీ రంగు

శ్రీకాకుళంలోని ఒక జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే నాకు రక్త క్యాన్సర్ ఉన్నదన్న సంగతి రక్తకణాలను లెక్కపెట్టే మామూలు సీబీసీ పరీక్షలో బయటపడింది. అప్పటికి కొన్ని నెలలుగా ఎడమ డొక్కలో బరువుగా ఉండేది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. రాత్రిళ్లు బనియను పిండుకునేంత చెమట పట్టేది. పదకొండు వేలు దాటకూడని తెల్లకణాలు లక్షా ఎనభై వేలున్నాయి. ల్యాబ్ కుర్రాడు కాగితం చేతికివ్వకుండా, అదే రక్తాన్ని మళ్లీ మెషిన్‌లో పెట్టి చూసుకున్నాడు.

ఆమదాలవలసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లాము. అక్కడ తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షించి, క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అని తేల్చారు. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు పుడుతుందనీ, అది తయారుచేసే ఎంజైము ఆగకుండా పనిచేస్తూ తెల్లకణాలను పెంచుకుంటూ పోతుందనీ డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. ఆ ఎంజైమును అడ్డుకునే ఇమాటినిబ్ 2001లో వాడకంలోకి వచ్చింది. 2013లో సుప్రీంకోర్టు దీని పేటెంటు దరఖాస్తును తోసిపుచ్చాక దేశీయ కంపెనీల మాత్రలకు అడ్డు తొలగింది. నాలాంటి జీతగాడు ఈ మందు కొనగలుగుతున్నాడంటే అందులో ఆ తీర్పు పాలు తక్కువేమీ కాదు.

మాత్ర మొదలుపెట్టక ముందే ఒక పీజీ వైద్య విద్యార్థిని వచ్చి, తన పరిశోధన కోసం అదనంగా ఒక ట్యూబు రక్తం ఇస్తారా అని అడిగింది. ఆక్సీకరణ ఒత్తిడి సూచికలు కొలుస్తానన్నది. అంగీకార పత్రం చదివి సంతకం చేశాను కానీ, పరీక్ష ఎలా చేస్తారో చూడనివ్వాలని షరతు పెట్టాను. ఆమె నవ్వి, "రండి మాస్టారూ, మీరే మా ఎగ్జామినరు" అన్నది.

శరీరంలో ప్రాణవాయువు ఖర్చయ్యే క్రమంలో సూపర్ఆక్సైడ్ వంటి చురుకైన అణువులు పుడుతూనే ఉంటాయి. సూపర్ఆక్సైడ్‌ను సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారిస్తే, కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు ఆ పెరాక్సైడ్‌ను నీరుగా మారుస్తాయి. ఆ అణువుల పుట్టుక పెరిగినా, ఈ కాపలా తగ్గినా ఏర్పడేదే ఆక్సీకరణ ఒత్తిడి; అప్పుడు కణాల పొరల్లోని కొవ్వు దెబ్బతిని మాలాండైఆల్డిహైడ్ అనే పదార్థం మిగులుతుంది. దానితో కలిసి గులాబీ రంగు ఇచ్చే థయోబార్బిట్యూరిక్ ఆమ్లాన్ని నా ప్లాస్మాలో, అంటే కణాలు తీసేసిన రక్తద్రవంలో కలిపి, గొట్టాలను మరిగే నీళ్లలో నిలబెట్టారు. కాసేపటికి లేత గులాబీ రంగు తేలింది. నా గొట్టంలో రంగు పక్కనున్న ఆరోగ్యవంతుల గొట్టాలకంటే చిక్కగా ఉన్నదని కంటికే తెలిసింది. 532 నానోమీటర్ల కాంతి దగ్గర కొలిచినప్పుడు దాదాపు రెట్టింపు వచ్చింది.

అంకె చూసి నాకు గుండె జారిన మాట నిజమే. ఆ పీజీ అమ్మాయి మాత్రం దానికి అంత విలువ ఇవ్వలేదు. పొగతాగినా, జ్వరం వచ్చినా, రక్తహీనత ఉన్నా, వయసు పైబడినా ఇది పెరుగుతుందట. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే లెక్క తప్పుతుందట. ఆ ఆమ్లం మరికొన్ని పదార్థాలతో కూడా రంగు ఇస్తుందట. రక్త క్యాన్సరు రోగుల గుంపును, ఆరోగ్యవంతుల గుంపును పక్కపక్కన పెట్టి చూడడానికి పనికివచ్చే ఈ కొలత, ఒక మనిషికి జబ్బు ఉన్నదో లేదో చెప్పడానికి చాలదు. అయితే బీసీఆర్-ఏబీఎల్ ఉన్న కణాల్లో ఈ చురుకైన అణువులు ఎక్కువగా పుడతాయనీ, అవి డీఎన్ఏను గాయపరచి మందుకు లొంగని మార్పులకు దారితీయవచ్చనీ ప్రయోగశాలల్లో తేలిందని చెప్పింది. మాత్ర ఒక్కపూట కూడా మానకూడదన్న హెచ్చరిక నాకు అప్పుడు బాగా ఎక్కింది.

ఈ సంగతి ఇంట్లో చెప్పడమే తరువాయి, మా బావమరిది నరసన్నపేట నుంచి ఒక యాంటీఆక్సిడెంట్ పొడి డబ్బా పట్టుకొచ్చాడు. "బావా, ఇది తాగితే రక్తం కడిగీసినట్టయిపోద్ది" అన్నాడు. వాడి ప్రేమను కాదనలేము గానీ, ఆక్సీకరణ పెరిగింది కనుక దాని విరుగుడు మింగితే సరిపోతుందన్న లెక్క శరీరం ఒప్పుకోదు. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకు బీటాకెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ ఇచ్చి చూస్తే, వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో ప్రకటించారు. డాక్టరుగారు ఆ డబ్బాను పక్కన పెట్టించారు. మామూలు ఆకుకూరలు, పళ్లు తినమన్నారు కానీ, ఉద్దానం నుంచి చుట్టాలు పంపే పంపర పనస మాత్రం వద్దన్నారు, ఆ జాతి పళ్లు మందు కాలేయంలో విరిగే తీరును మార్చవచ్చునని.

రోజూ భోజనం కాగానే 400 మిల్లీగ్రాముల మాత్ర, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో. మొదట్లో వికారం, పొద్దుటిపూట కళ్ల కింద ఉబ్బు, అర్ధరాత్రి పిక్కలు పట్టేయడం ఉండేవి. కొన్ని వారాల్లో తెల్లకణాలు దారికొచ్చాయి, డొక్కలో బరువు దిగింది, కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టాను. జబ్బు ఎంత తగ్గిందో చెప్పేది, రక్తంలో ఆ జన్యువు జాడ ఎంతుందో కొలిచే పీసీఆర్ పరీక్ష: బీసీఆర్-ఏబీఎల్ మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. నాది ఆఖరి గీతను కాస్త ఆలస్యంగా దాటింది.

ఆ తరువాత పీజీ అమ్మాయి మరో ట్యూబు తీసుకుని, గులాబీ రంగు పలచబడిందని సంబరంగా చెప్పింది. నాకూ సంతోషమే కలిగింది. డాక్టరుగారు ఆ కాగితం వైపు చూడనైనా చూడకుండా పీసీఆర్ రిపోర్టు అడిగారు. కొన్నేళ్లపాటు అది బాగా అడుగున నిలిస్తేనే మందు ఆపి చూసే మాట ఎత్తవచ్చునట, అదీ తరచూ పరీక్షలు చేయించుకుంటూనే. నేనింకా అంతదూరం రాలేదు.