పిత్తామ్లం పోసినంక కాల్షియం గీత లేస్తే నమ్మే ముందు

పిత్తామ్లాలన్నీ (పైత్యరసంలోని ఆమ్లాలు) ఒక్కటే అనుకుని, వాటిని కాలేయ కణాల మీద పోసి లోపలి కాల్షియం కొలిస్తే పనంతా వృథా. టారోలిథోకోలిక్ ఆమ్లం 50 మైక్రోమోలార్ దగ్గర్నే ఈఆర్ (కణంలో కాల్షియం దాచుకునే పొరల సంచి) నిల్వల్లోని కాల్షియాన్ని వదిలిస్తుంది, అదీ ఐపీ3 (మామూలుగా ఆ నిల్వలను తెరిపించే సంకేత అణువు) అవసరం లేకుండా. అదే మోతాదులో కోలిక్ ఆమ్లం దాదాపు ఏమీ చేయదు.

అసలు చిక్కు మోతాదు పెంచితేనే. పిత్తామ్లం సబ్బు లాంటిది, పొరను చీలుస్తుంది. కణం లోపల కాల్షియం సుమారు 100 నానోమోలార్, బయట మిల్లీమోలార్ పైనే. చిన్న చిల్లు పడ్డా బయటి కాల్షియం లోపలికి దూరి కొలత గీత పైకి లేస్తుంది, అది కణం ఇచ్చిన సిగ్నల్ కాదు. అందుకే ఫ్యూరా-2 (కాల్షియాన్ని చూపే మెరిసే రంగు) వాడేటప్పుడు, దాని మీద వేసే 340, 380 నానోమీటర్ల కాంతితో పాటు 360 నానోమీటర్ల గీతనూ చూడండి. కాల్షియం మారినా అది కదలొద్దు. పడిపోతుందంటే రంగే కారిపోతున్నట్టు. బయటి ద్రవంలో కాల్షియం తీసేసి, ఈజీటీఏ (మిగిలిన కాల్షియాన్ని పట్టేసుకునే రసాయనం) కలిపి ఇంకోసారి చేయండి; అప్పుడూ లేస్తే లోపలి నిల్వలదే.

ఇంకొకటి, మన దగ్గర ముఖ్యం. ప్రోటోకాల్‌లో ‘గది ఉష్ణోగ్రత’ అంటే 20–25 డిగ్రీలు, మే నెల హనుమకొండ గది కాదు. వేడెక్కితే కాలేయ కణాలు ఫ్యూరాను ఇంకా తొందరగా బయటికి నెట్టేస్తాయి. ఏసీ లేకుంటే పొద్దుగాలే రంగు ఎక్కించండి.