లీగ్ పేరు చెప్పకుండా సగటు చెప్పొద్దు

మా ఫాంటసీ బేస్‌బాల్ (నిజం ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల అంకెలతో పోటీపడే ఆట) గ్రూపులో ఏటా మే నెలలో ఒక మెసేజ్ ఖాయం: "ఆల్బకర్కీలో ఒకడు .330 కొడుతున్నాడు, వెంటనే తీసుకోండి." ఆల్బకర్కీ అమెరికాలో ఒక మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది మెట్టు) జట్టున్న ఊరు; .330 అంటే బ్యాటింగ్ సగటు, వెయ్యి ప్రయత్నాలకు 330 హిట్లు. నేను అడిగేది ఒక్కటే. సొంత ఊళ్లో ఎంత, బయట ఎంత?

ఆల్బకర్కీ దాదాపు 5 వేల అడుగుల ఎత్తులో ఉంది. గాలి పలచన కాబట్టి కొట్టిన బంతి ఇంకాస్త దూరం పోతుంది, పిచర్ (మన బౌలర్ లాంటివాడు) వేసే కర్వ్‌బాల్ సరిగ్గా వంగదు. రీనో, సాల్ట్ లేక్, ఎల్ పాసో కూడా ఎత్తైన ఊళ్లే. ఇవన్నీ పసిఫిక్ కోస్ట్ లీగ్‌లోవి. మైనర్ లీగ్‌ల్లో అన్నిటికంటే పై మెట్టు ట్రిపుల్-ఎ; అందులో ఇదొకటి, రెండోది ఇంటర్నేషనల్ లీగ్. మా డర్హమ్ బుల్స్ అందులో ఆడతారు. ఇక్కడ ఆ పలచని గాలి సాయం లేదు కాబట్టి .270 కొట్టినా నాకు చిన్నచూపు లేదు. 2016లో ఆరన్ జడ్జ్ ఈ లీగ్‌లోనే 93 మ్యాచుల్లో .270 సగటు, 19 హోమ్‌రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. మరుసటి ఏడు మేజర్ లీగ్ జట్టు యాంకీస్‌కి 52 హోమ్‌రన్లు.

అసలు గుర్తుంచుకోవాల్సిన కథ బ్రాండన్ వుడ్‌ది. 2005లో మేజర్ లీగ్ జట్టు ఏంజెల్స్ కింద ఉన్న రాంచో కుకమాంగా జట్టుకి 43 హోమ్‌రన్లు, .321 సగటు. వయసు 20. ఏంజెల్స్ అభిమానులు సంబరపడ్డారు. కానీ అది కాలిఫోర్నియా లీగ్, హిట్టర్ల స్వర్గమని అప్పటికే పేరు. పైగా వుడ్ ఆ ఏడు వందకు పైగా సార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) అయ్యాడు. మేజర్ లీగ్‌లో మొత్తం కెరీర్ సగటు .186, హోమ్‌రన్లు 18. ఫ్లాట్ పిచ్ మీద ట్రిపుల్ సెంచరీ చూసి టెస్ట్ టీమ్‌లో చోటు ఖాయమనుకోవడం లాంటిదే ఇది.

అందుకే నేను ముందు స్ట్రైకౌట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా దొరికే బేస్) చూస్తాను. బంతిని తాకలేనివాడికి పలచని గాలి కూడా ఏం చేయలేదు కదా. తర్వాత వయసు. ట్రిపుల్-ఎకి ఒక మెట్టు కిందున్న డబుల్-ఎలో 20 ఏళ్ల కుర్రాడి .260, అదే లీగ్‌లో 26 ఏళ్లవాడి .300 కంటే నాకు ముద్దు. ఫ్లోరిడా స్టేట్ లీగ్ అంటే ఇంకా మెతగ్గా చూస్తాను: ఉక్కపోత, స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కు ముందు సాధన) కోసం కట్టిన పెద్ద మైదానాలు, రెండూ హిట్టర్‌కి కష్టమే. 2023 మొదటి సగంలో సదరన్ లీగ్‌లో పిచర్‌కి పట్టు దొరికేలా ముందే జిగురు పట్టించిన బంతులతో ప్రయోగం చేశారు. ఆ నెలల అంకెలు చూసి ఏ హిట్టర్‌నీ కొట్టిపారేయను.

డబ్ల్యూఆర్‌సీ ప్లస్ (లీగ్‌నీ మైదానాన్నీ లెక్కలోకి తీసుకుని హిట్టర్‌ని కొలిచే అంకె) ఉంది కదా అంటారు. మంచిదే, 100 అంటే ఆ లీగ్‌లో సగటు. కానీ అది తోటివాళ్లతో పోల్చి చెబుతుందంతే. ఆ పిచర్లు ఏపాటివాళ్లో చెప్పదు. కింది మెట్టు సింగిల్-ఎలో 140 ఉన్నవాడు పైకి వెళ్తే అదే 140 ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

ఈ మే మెసేజ్‌కి మాత్రం జవాబు రెడీగా పెట్టుకున్నా: వాడి స్ట్రైకౌట్ శాతం పంపు, ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) సంగతి తర్వాత మాట్లాడదాం.