తెర అక్కర్లేదని గ్రాఫిక్స్ డ్రైవర్ పీకేయకండి

నెల్లూరు జిల్లా మైపాడు వైపు మా బావకి రొయ్యల గుంటలున్నాయి. గట్టు మీద రేకుల షెడ్డులో లైనక్స్ వేసిన ఒక పాత లాప్‌టాప్ రాత్రింబవళ్లు నడుస్తూ ఉంటుంది. మూడో తరం ఐ5, అంటే 2012 నాటి సరుకు. పని చిన్నదే. నిమిషానికోసారి నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే డీఓ సెన్సర్‌ని, పానెల్ బోర్డులోని కరెంటు మీటర్‌ని అడిగి రాసుకుంటుంది. ఆక్సిజన్ 4 పీపీఎం కిందికి జారుతున్నా, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకు కరెంటు పోయినా బావ ఫోనుకి మెసేజ్ కొడుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోయే వేళలో ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో గుంటలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు, కరెంటు ఇంకా తక్కువ తింటుంది కూడా. కానీ ఇది ఇంట్లో ఊరికే పడి ఉంది. కీబోర్డు, తెర, సొంత బ్యాటరీ అన్నీ దాంతోనే ఉన్నాయి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేశాను, అంతే ఖర్చు.

ఇక్కడ చిక్కల్లా వాట్ల దగ్గరే. కరెంటు పోయినప్పుడే ఇది పనికిరావాలి కాబట్టి కరెంటు మీద పెట్టి లాభం లేదు. సోలార్ ప్యానెల్, 12 వోల్టుల 100 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, లాప్‌టాప్‌కి కావాల్సిన వోల్టేజీకి పెంచే కన్వర్టర్. బ్యాటరీలో పేరుకి 1200 వాట్ అవర్లు ఉన్నా, లెడ్ యాసిడ్ బ్యాటరీ నాలుగు కాలాలు బతకాలంటే సగం కంటే కిందికి దించకూడదు. అంటే చేతిలో ఉన్నది 600. లాప్‌టాప్, సెన్సర్, కన్వర్టర్ అన్నీ కలిపి 12 వాట్లు తింటే 50 గంటలు వస్తుంది. మామూలు రోజుల్లో అది చాలు. కానీ మన జిల్లాకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను పట్టిందంటే మూడు రోజులు పొద్దు కనపడదు, కరెంటు పోయేదీ సరిగ్గా అప్పుడే. 12 వాట్లని 8కి తెస్తే అదే బ్యాటరీ 75 గంటలు లాగుతుంది. ఇంకో బ్యాటరీ కొనడమా, లైనక్స్‌లో పరికరాలన్నిటినీ నడిపే మూల భాగం కెర్నల్ సంగతి చూడడమా అంటే నేను రెండోదే ఎంచుకున్నాను. అది ఊరికే వస్తుంది మరి.

దీన్ని కొలవడానికి బ్యాటరీకీ కన్వర్టర్‌కీ మధ్య చిన్న డీసీ వాట్‌మీటర్ పెట్టాను. లాప్‌టాప్‌నే అడగొచ్చు కదా అంటే, సొంత బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడే అది చెప్పే లెక్క పనికొస్తుంది. బయటి సప్లై మీద ఉంటే అది చెప్పేది ఛార్జింగ్ సంగతే.

లైనక్స్ కెర్నల్‌లో ఏవి ఉండాలో ఎంచుకునే మెనూకాన్ఫిగ్ తెరిస్తే 'పవర్ మేనేజ్‌మెంట్ అండ్ ఏసీపీఐ ఆప్షన్స్' అని ఒక విభాగం కనపడుతుంది. అందులో రెండు వేరు వేరు సంగతులు కలిసి ఉంటాయి. సస్పెండ్, హైబర్నేట్ అనేవి మిషన్ మొత్తాన్ని నిద్రపుచ్చేవి. మనకి పనికిరావు. సస్పెండ్ చేసి గడియారం అలారంతో నిమిషానికోసారి లేపొచ్చు, ఆర్‌టీసీవేక్ అనే కమాండ్ ఉన్నదే అందుకు. కానీ లేచిన ప్రతిసారీ మెసేజ్ పంపే జీఎస్‌ఎం డాంగిల్ మళ్లీ టవర్ వెతుక్కోవాలి. కాపలా మనిషి రాత్రంతా నిద్రపోతూ నిమిషానికోసారి కన్ను తెరుస్తానంటే ఎవరు పెట్టుకుంటారు? ఇక రెండోది, మిషన్ మెలకువగా ఉంటూనే పని లేని భాగాలని పని లేనంతసేపు నిద్రపుచ్చడం. సీపీయూ ఐడిల్, పరికరాల రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ ఈ కోవలోవే. ఖాళీ సీపీయూని టైమర్‌తో ఊరికే లేపకుండా ఉంచే టిక్‌లెస్ ఐడిల్ కూడా ఇలాంటిదే, కాకపోతే అది జనరల్ సెటప్ విభాగంలో ఉంటుంది. మన ఆట ఇక్కడే.

మా మేనల్లుడు బీటెక్ మూడో ఏడు. కెర్నల్ కంపైల్ చేయాలని వాడికి సరదా, సెలవుల్లో నాకంటే ముందే ఒకటి తయారు చేసి పెట్టాడు. "తెరే అక్కర్లేనప్పుడు గ్రాఫిక్స్ ఎందుకు మామా? సౌండ్ ఎందుకు, కార్డ్ రీడర్ ఎందుకు? అన్నీ పీకేశా. కెర్నల్ ఎంత తేలికైపోయిందో చూడు" అన్నాడు. నిజమే, ఫైల్ సైజు బాగా తగ్గింది, బూట్ కూడా చకచకా అయింది. బావ వచ్చి వాట్‌మీటర్ వైపు చూశాడు. "ఏందిరా తేలిక? ముందు 12 ఉండె, ఇప్పుడు 14 చూపిస్తుండాదే" అన్నాడు.

ఆ రాత్రి షెడ్డులో లైటు ఆపి చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోయింది. తెర మీద ఏమీ లేదు, నల్లగా ఉంది. కానీ అంచుల వెంబడి పల్చటి బూడిదరంగు వెలుతురు, దగ్గరికి పోతే కీబోర్డు మీది అక్షరాలు కూడా కనపడుతున్నాయి. వెనక బ్యాక్‌లైట్ నిండుగా వెలుగుతోంది. దాన్ని ఆపాల్సింది ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఐ915, అదేమో కెర్నల్లో లేదు. బూట్ అప్పుడు ఫర్మ్‌వేర్ తెరని ఏ స్థితిలో వదిలేసిందో అది ఆ స్థితిలోనే ఉండిపోయింది.

మిగతా సగం లోపల ఉంది. చాలామంది అనుకునేది, డ్రైవర్ అంటే పరికరాన్ని పని చేయించేది, అది లేకపోతే ఆ పరికరం ఆగిపోతుంది, కరెంటు మిగులుతుంది అని. జరిగేది సాధారణంగా తలకిందులు. పరికరాన్ని నిద్రపుచ్చేది కూడా డ్రైవరే. అది లేకపోతే ఆ చిప్ పూర్తి మెలకువ స్థితి డీ0లో కూర్చుంటుంది. తను తినే కరెంటు ఒకటే కాదు, పక్కవాళ్లనీ పడుకోనివ్వదు. ప్రాసెసర్‌లో కోర్లకి విడిగా నిద్ర స్థితులున్నట్టే మొత్తం చిప్‌కి, అంటే ప్యాకేజీకి, సీ2, సీ3, సీ6 అంటూ స్థితులున్నాయి. అంకె పెరిగే కొద్దీ నిద్ర లోతు. ఆ లోతుకి పోవాలంటే కోర్లన్నీ పడుకోవాలి, వాటితో పాటు అదే చిప్‌లో ఉన్న గ్రాఫిక్స్ కూడా ఆర్‌సీ6 అనే తన నిద్రలోకి పోవాలి. ఐ915 లేకపోతే అది పోదు. ఈ నిద్ర లెక్కలు చూపించే పవర్‌టాప్ అనే ప్రోగ్రామ్‌లో చూస్తే కోర్లు హాయిగా నిద్రపోతున్నాయి, ప్యాకేజీ మాత్రం సీ2 దాటి కిందికి దిగడం లేదు.

అన్నట్టు, పవర్‌టాప్ ఈ అంకెలు చూపించాలంటే ప్రాసెసర్ లోపలి లెక్కలు చదవనిచ్చే ఎంఎస్‌ఆర్ సపోర్ట్ కెర్నల్లో ఉండాలి. మేనల్లుడు దాన్ని కూడా పీకేశాడు. అదొక మాడ్యూల్, అంటే కెర్నల్‌కి విడిగా తగిలించే ముక్క, వేసి మళ్లీ బూట్ చేస్తే గానీ రోగం కనపడలేదు.

అందుకని ఐ915 వెనక్కి వచ్చింది, హెచ్‌డీఏ సౌండ్ డ్రైవర్ వెనక్కి వచ్చింది, సౌండ్ పవర్ సేవ్ టైమౌట్‌ని 1 సెకనుకి పెట్టాను. కార్డ్ రీడర్ నిజంగానే అక్కర్లేదు, దాన్ని బయోస్‌లో ఆపేశాను. నా పద్ధతి ఇదే. అక్కర్లేని పరికరం ఉంటే బయోస్‌లో తీసేయి, బయోస్‌లో తీయడానికి వీల్లేకపోతే కెర్నల్లో డ్రైవర్ ఉంచు. బూట్ లైన్లో కన్సోల్‌బ్లాంక్=60 అని చేర్చాను, నిమిషం పాటు ఎవరూ కీ నొక్కకపోతే తెర ఆరిపోతుంది, ఈసారి బ్యాక్‌లైట్‌తో సహా. మీటర్ 9 దగ్గరికి దిగింది.

మరి ఇన్ని వేల ఆప్షన్లలో ఏది ఉంచాలో ఎలా తెలుస్తుంది? నేను మొదటి నుంచీ కూర్చుని ఏరను. నేను వాడే లైనక్స్ రకం డెబియన్, వాళ్ల కాన్ఫిగ్ ఫైల్ బూట్ ఫోల్డర్లోనే ఉంటుంది, దాన్ని తెచ్చుకుని మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అంటాను. ఆ క్షణంలో మెమరీలో ఏ మాడ్యూల్స్ ఉన్నాయో చూసి వాటిని ఉంచి మిగతా మాడ్యూల్స్ తీసేస్తుంది. మంచి పనిముట్టే, కానీ దానికి ఊహ ఉండదు. ఆ సమయానికి తగిలించి లేని వస్తువు దాని లెక్కలో లేనట్టే. కాబట్టి ముందు అన్నీ తగిలించాలి: సెన్సర్‌ని యూఎస్‌బీకి కలిపే కన్వర్టర్, జీఎస్‌ఎం డాంగిల్, పెన్ డ్రైవ్, చివరికి ఫోను కూడా, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి. ఈ ఫోను సంగతి మాత్రం మరవకండి. గట్టు మీద నిలబడ్డప్పుడు నెట్ కావాలంటే దిక్కు అదొక్కటే. చాలా ఫోన్ల టెథరింగ్‌కి కావాల్సిన ఆర్‌ఎన్‌డీఐఎస్ డ్రైవర్ కెర్నల్లో లేకపోతే ఫోను తగిలించినా ఛార్జింగ్ ఎక్కుతుంది, అంతే.

డ్రైవర్‌ని బిల్ట్ ఇన్‌గా కెర్నల్ లోపలే పెట్టాలా, మాడ్యూల్‌గా విడిగా పెట్టాలా అన్నదాన్ని పెద్ద చర్చ చేస్తారు. డిస్క్‌ని చదివే సాటా, ఈఎక్స్‌టీ4 డ్రైవర్లని లోపల పెట్టుకుంటే, బూట్ మొదట్లో ఎక్కే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌కి ఏమైనా అయినా డిస్క్ దొరుకుతుంది. వైఫై మాత్రం మాడ్యూల్‌గానే ఉంచండి. ఇంటెల్ వైఫైకి ఫర్మ్‌వేర్ ఫైల్ కావాలి, అది ఉండేది డిస్క్ మీద. డ్రైవర్‌ని లోపల పెడితే డిస్క్ ఇంకా మౌంట్ కాకముందే లేచి ఫైల్ ఏదీ అని వెతికి, దొరక్క ఊరుకుంటుంది. డెబియన్ కాన్ఫిగ్‌తో మొదలెట్టేవాళ్లకి ఇంకో మాట: ట్రస్టెడ్ కీస్ దగ్గర వాళ్ల సర్టిఫికెట్ ఫైల్ పేరు ఉంటే దాన్ని ఖాళీ చేయండి, లేకపోతే బిల్డ్ మధ్యలో ఆగుతుంది. డీబగ్ ఇన్ఫో కూడా ఆపండి. ఉంచితే డిస్క్ నిండిపోతుంది.

సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నర్ల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పర్ఫార్మెన్స్, పవర్‌సేవ్, ఆన్‌డిమాండ్, షెడ్‌యూటిల్ అంటూ ఇంటర్నెట్ నిండా వాదనలు. మన లాప్‌టాప్ నిమిషంలో ఒక సెకను పని చేసి మిగతా 59 సెకన్లు ఖాళీగా ఉంటుంది. ఆ సెకనులో ఎంత వేగంతో పరిగెత్తిందన్నది కాదు, ఆ 59 సెకన్లలో ఎంత లోతుగా పడుకుందన్నది మీటర్ మీద కనపడుతుంది. షెడ్‌యూటిల్ ఉంచి వదిలేశాను. సీపీయూని తట్టి లేపే టైమర్ టిక్‌ని 1000 హెర్ట్జ్ నుంచి 250కి దించితే ఏమైనా ఒరుగుతుందా అని మేనల్లుడు అడిగాడు. టిక్‌లెస్ ఐడిల్ ఆన్‌లో ఉంటే ఖాళీగా ఉన్న సీపీయూకి ఆ టిక్ రానే రాదు, ఇక దించి ఏం లాభం?

చివరి ఒక వాట్ తగ్గింది డిస్క్‌కి పోయే సాటా లింక్ దగ్గర, యూఎస్‌బీ దగ్గర. సాటాకి మీడియం పవర్ విత్ డీఐపీఎం పెడితే చాలు, మినిమమ్ జోలికి పోవద్దు. కొన్ని ఎస్‌ఎస్‌డీలతో అది పడదు. యూఎస్‌బీకి టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్ వేస్తే ఆటోసస్పెండ్ ఆన్ చేస్తుంది, అంటే పని లేని యూఎస్‌బీ పరికరాన్ని పడుకోబెడుతుంది. మీటర్ 8కి వచ్చింది, అందరం సంతోషపడ్డాం. మర్నాడు లాగ్ చూస్తే రీడింగుల మధ్యలో అక్కడక్కడా ఖాళీలు, ఒకచోట ఆక్సిజన్ సున్నా. బావకి అర్ధరాత్రి మెసేజ్ పోయి టార్చిలైటు తీసుకుని గుంట దగ్గరికి పరిగెత్తాడట. ఏరేటర్లు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి.

సెన్సర్ వైర్లని యూఎస్‌బీకి కలిపే మా ఆర్‌ఎస్-485 కన్వర్టర్‌లో ఉన్నది సీహెచ్340 చిప్, కెర్నల్లో సీహెచ్341 అనే డ్రైవర్ దాన్ని చూసుకుంటుంది. మా స్క్రిప్ట్ నిమిషానికోసారి పోర్ట్ తెరిచి, చదివి, మూసేస్తుంది. మూసిన రెండు సెకన్లకి కెర్నల్ దాన్ని పడుకోబెడుతోంది. మళ్లీ లేచినప్పుడు మా కన్వర్టర్ మొదటి జవాబుని తినేస్తోంది. కెర్నల్ తనంతట తాను ఇలా చేయదు, హబ్‌ల వంటి కొన్నింటిని మినహాయిస్తే యూఎస్‌బీ పరికరాలని మెలకువగానే వదిలేస్తుంది. ఆన్ చేసింది టీఎల్‌పీ. వీటి జోలికి పోవద్దని చెప్పే దాని డినైలిస్ట్‌లో 1ఏ86:7523 అని చేర్చాను, అది సీహెచ్340 ఐడీ. మీటర్ మీద తేడా దాదాపు కనపడలేదు. స్క్రిప్ట్ కూడా మార్చాను, ఒక్క రీడింగ్ చూసి బావని నిద్ర లేపకుండా మూడు వరసగా తక్కువ వస్తేనే మెసేజ్ పంపేట్టు.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో రేకుల కింద ఎలా ఉంటుందో మీకు తెలుసు. పవర్ తగ్గించే ఊపులో వేడిని అదుపులో ఉంచే ఏసీపీఐ థర్మల్, ఏసీపీఐ ఫ్యాన్ ఆప్షన్ల మీద చెయ్యి వేయకండి. మనిషి దగ్గర లేని మిషన్ కాబట్టి ఇంటెల్ టీసీవో వాచ్‌డాగ్ కూడా ఆన్ చేశాను. సిస్టమ్ బిగుసుకుపోతే అదే రీబూట్ చేస్తుంది. పాత డెబియన్ కెర్నల్‌ని బూట్ అప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అలాగే ఉంచాను.

ఇదంతా డెబియన్ 12తో, అంటే 6.1 కెర్నల్‌తో చేసింది. డెబియన్ 13లో 6.12 వస్తోంది. పాత కాన్ఫిగ్ ఫైల్ పెట్టి మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్ అంటే కొత్తగా వచ్చిన ఆప్షన్ల గురించి మాత్రమే అడుగుతుంది. ఎంటర్ కొట్టుకుంటూ పోయే ముందు పవర్, గ్రాఫిక్స్ వాటి దగ్గర ఆగి చదవండి.

ఇప్పుడు బావ రెండో గుంటకి కూడా సెన్సర్ కావాలంటున్నాడు. అది దూరం, ఇంకో కన్వర్టర్ పెట్టాలి. సీహెచ్340లకి విడి సీరియల్ నంబర్ ఉండదు, రెండూ తగిలిస్తే కెర్నల్ ఏదానికి టీటీవైయూఎస్‌బీ0 అనే పోర్ట్ పేరు ఇస్తుందో బూట్‌ని బట్టి మారుతుంది. కాబట్టి ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉందో దాన్ని బట్టి పేరు ఇచ్చే సీరియల్ బై-పాత్ లింకులు వాడుతున్నాను. లాప్‌టాప్ పక్కన ఒక రంధ్రం మీద 'పెద్ద గుంట' అని, ఇంకోదాని మీద 'కాలవ గుంట' అని మేనల్లుడు స్టిక్కర్లు అంటించాడు.