పచ్చగా ఉన్న ఆ లైన్‌ని నడిపిన టెస్టు ఏది?

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా మేడగదిలో కూర్చునే, నెల్లిమర్ల వైపు ఉన్న ఒక రైస్ మిల్లుకి ధాన్యం కొనుగోలు ప్రోగ్రాం పైథాన్‌లో రాసిచ్చాను. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాములు, అంటే టెస్టులూ రాశాను. టెస్టులు ఏ లైన్లని నడిపాయో చూపే కవరేజ్ రిపోర్టు చూస్తే ఫైలంతా పచ్చగా ఉంది, అంటే ప్రతి లైనూ నడిచింది. ధైర్యంగా ఉన్నాను.

సంక్రాంతికి వారం ముందు మిల్లు గుమస్తా ఫోన్ చేశాడు. "ఏటి బాబూ ఇది, తేమ సరిగ్గా పదిహేడున్న లోడుకి కూడా కోత పడిపోతంది!"

ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి తేమ 17 శాతం వరకు ఉండొచ్చు. దాటితేనే కోత. నేను 'ఎక్కువైతే' అని రాయాల్సిన చోట 'ఎక్కువైనా, సమానమైనా' అని రాశాను. ఎవరో రైతుకి రావాల్సిన డబ్బు నా వల్ల తగ్గింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కోత ఉందా లేదా అన్న లెక్కంతా ఒకే లైన్‌లో ఉంది. ఆ లైను పచ్చగానే ఉంది. మరి దాన్ని నడిపిన టెస్టు ఏది? కవరేజ్ టూల్‌కి 5.0 వెర్షన్ నుంచి ఏ లైను ఏ టెస్టులో నడిచిందో రాసి పెట్టుకోవడం వచ్చు. టెస్టుల్ని నడిపే పైటెస్ట్‌కి, ఏ టెస్టో గుర్తుపెట్టుకోమనే కాంటెక్స్ట్ ఆప్షన్ ఇచ్చి మళ్లీ నడిపాను. బ్రౌజర్‌లో తెరిచే హెచ్‌టీఎంఎల్ రిపోర్టులోనూ ఆ కాంటెక్స్టులు, అంటే టెస్టుల పేర్లు చూపించమన్నాను. ఆ లైను పక్కన నొక్కితే మూడు పేర్లు వచ్చాయి: రసీదు ప్రింటు, బస్తాల లెక్క, రోజు మొత్తం. మూడింట్లోనూ తేమ 14. కోతని చూసే టెస్టు ఒక్కటీ లేదు! ఆ లైను మీదుగా వెళ్లారంతే, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడే 16.9, 17, 17.1 లకి మూడు టెస్టులు రాశాను. తప్పు లైన్‌ని అలాగే ఉంచి ముందు నడిపితే 17 ది ఒక్కటే ఫెయిలై ఎర్రగా వచ్చింది. దాన్ని చూశాకే లైన్ సరిచేశాను.

ఇప్పుడు ఏ లైన్ ముట్టుకోవాలన్నా ముందు పక్కనున్న పేర్లు చదువుతాను. సంబంధం లేని పేర్లే ఉంటే ఆగిపోయి, కొత్త టెస్టు రాస్తాను. పగలంతా ఆ లైన్‌కి చెందిన టెస్టులే నడుపుకుంటాను, రాత్రి పడుకోబోయే ముందు అన్నీ. ఒక్కటి మాత్రం మర్చిపోకూడదు: ఆ పేర్లు కిందటిసారి నడిపినప్పటివి. పైన రెండు లైన్లు చేర్చామంటే నంబర్లు జరిగిపోతాయి, మళ్లీ నడపాల్సిందే.

గుమస్తా పాత రసీదులన్నీ తిరగేసి, కోత తప్పుగా పడినవాళ్లకి తేడా ఇప్పించాడు. ఆ 17 టెస్టుకి ముందు test_ అని ఉంచి, మిగతా పేరు తెలుగులోనే పెట్టాను, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఇప్పుడు ఆ లైను పక్కన నొక్కితే మొదట కనిపించేది అదే: test_పదిహేడుకి_కోత_లేదు.