మే నెలలో మైనస్ నలభై

మంగళవారం, రాత్రి

బయట ఎండ 42. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన డీజిల్ కారుకు స్కానర్ తగిలిస్తే మాత్రం ఇంజన్‌లోకి పోయే గాలి మైనస్ 40 అని చూపిస్తోంది. షెడ్డులో పిల్లోడు అది చూసి "అన్నా, ఇంత సల్లగుంటే మనం బానెట్ కిందనే కూచుందాం పా" అని ఒకటే నవ్వు. మైనస్ 40 దగ్గర సెల్సియస్ అయినా ఫారెన్‌హీట్ అయినా అంకె ఒకటే, కాబట్టి స్కానర్ సెట్టింగు తప్పేమో అనుకోవడానికి కూడా వీల్లేదు.

ఓనర్ నిన్న ఫోన్లోనే చెప్పాడు, వేరేచోట సెన్సర్ మార్పించానని, ఇంటికి పోయేలోగా మళ్ళీ ఇంజన్ లైటు వెలిగిందని. బిల్లు కూడా తెచ్చి చూపించాడు, బాగానే పడింది పాపం. పికప్ మందగించింది, పొద్దున స్టార్ట్ చేస్తే నల్ల పొగ, అంతకుమించి బండికి ఏమీ లేదు. ఆయన అడిగింది ఒకటే, "ఇంకో సెన్సర్ ఏస్తే పోతాదా అన్నా? హైదరాబాద్ నుంచి తెప్పియ్యమంటావా?"

నాకు కోపం వచ్చేది ఇక్కడే. స్కానర్‌లో ఉన్నది ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ సెన్సర్ కమ్యూనికేషన్ ఫాల్ట్ అని. సెన్సర్ నుంచి మాట అందడం లేదని మాత్రమే ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, చెబుతోంది. ఫోన్ కలవకపోతే అవతలి మనిషి పోయాడని ఎవరూ అనుకోరు కదా, కార్ల విషయంలో మాత్రం కోడ్‌లో ఏ సామాను పేరు కనిపిస్తే అది మార్చేయడమే. కొత్తది వేసినా అదే కోడ్ వచ్చిందంటే ఇంకొకటి తెప్పించే ముందు వైర్లు చూడాలని తట్టొద్దూ?

పాత బండ్లలో ఇది రెండు వైర్ల వస్తువు, పని సులువు. లోపల ఉండేది థర్మిస్టర్, వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది, చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర రెండు రెండున్నర వేల ఓమ్‌లు ఉంటే 40 దగ్గరికి అందులో దాదాపు సగానికి వస్తుంది. ఈసీఎం తన లోపలి రెసిస్టర్ గుండా 5 ఓల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చూసి వేడి లెక్కకడుతుంది. కప్లర్ (సెన్సర్‌కు వైర్లు తగిలించే ప్లగ్గు) పీకేస్తే ఆ 5 ఓల్టులు అలాగే నిలబడతాయి, రీడింగు మైనస్ 40కి పోతుంది, పి0113 అనే ఫాల్ట్ కోడ్ పడుతుంది. అదే కప్లర్‌లో రెండు పిన్నులనూ చిన్న వైరు ముక్కతో కలిపితే ఓల్టేజీ సున్నాకి వచ్చి రీడింగు వంద దాటుతుంది, పి0112 పడుతుంది. ఇలా రెండు వైపులకూ మారిందంటే వైరింగూ ఈసీఎమ్మూ బాగున్నట్టే, అప్పుడు సెన్సర్‌ను అనుమానించు, న్యాయం.

ఈ బండిలో అట్లా కుదరదు. గాలి ఎంత పోతోందో కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్‌లోనే వేడి కొలిచేది కూడా ఉంది, రెండు రీడింగులూ ఒకే సిగ్నల్ వైరు మీద డిజిటల్‌గా పోతాయి. దీన్ని సెంట్ అంటారు, ఎస్‌ఏఈ జె2716 ప్రమాణం. ఇందులో ఓల్టేజీ ఎంతుందన్నది లెక్క కాదు, ఒక పల్స్‌కూ తర్వాతి పల్స్‌కూ మధ్య ఎన్ని మైక్రోసెకండ్లు పట్టిందన్నదే లెక్క. మల్టీమీటర్ పెడితే ఏదో మధ్యస్థంగా ఒక ఓల్టేజీ చూపించి ఊరుకుంటుంది, అది చూసి బాగుందనీ అనలేం, పోయిందనీ అనలేం. పిన్నులు కలిపే పాత చిట్కా ఇక్కడ కూడా చేద్దామనుకునేవాళ్ళు ముందు ఈసీఎం ధర కనుక్కుని రావాలి.

ముందు లైవ్ డేటాలో రెండు రీడింగులూ పక్కపక్కన పెట్టుకున్నాను. వేడి రీడింగు మైనస్ 40కి పడ్డ ప్రతిసారీ గాలి రీడింగు కూడా ఎగిరిపోతోంది. సగం పని అక్కడే అయిపోయింది, ఎందుకంటే వేడి కొలిచే ముక్క ఒక్కటే చెడితే గాలి రీడింగుకు ఏమీ కాకూడదు. రెండూ ఒకేసారి పోతున్నాయంటే సప్లై, ఎర్త్, సిగ్నల్, ముందు ఈ మూడూ చూడాలి. కప్లర్ పెట్టి ఉంచే వెనక నుంచి సన్న సూదితో చూస్తే సప్లై సరిగ్గా ఉంది, ఎర్త్ వైపు ఓల్టేజీ డ్రాప్ 0.1 ఓల్టు లోపే. ఇక సిగ్నల్‌కు స్కోప్, అంటే పల్స్‌లను తెర మీద గీతగా చూపించే మీటర్, తగిలించాను (ఇది కొన్నరోజు ఇంట్లో జరిగిన గొడవ ఇక్కడ రాయను). సున్నా దగ్గరి నుంచి 5 దగ్గరికి పల్స్‌లు చక్కగా కొడుతున్నాయి. పిల్లోణ్ణి వైరింగ్ మెల్లగా కదపమన్నాను, ఈసీఎం వైపు నుంచి ఏమీ లేదు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గర కూడా లేదు, సరిగ్గా కప్లర్‌ను ఒక పక్కకు వంచగానే స్కానర్‌లో మైనస్ 40. స్కోప్‌లో ఆ క్షణానికే గీత చదునైపోయింది.

కప్లర్ ఊడదీసి, సెన్సర్ పిన్ను అంత మందమే ఉన్న పాత పిన్నొకటి తీసుకుని ఒక్కో రంధ్రంలో దూర్చి లాగి చూశాను. రెండింటిలో బిగువుగా పట్టుకుంది, సిగ్నల్ దాంట్లో వదులుగా జారి వచ్చేసింది. ఎవరో మల్టీమీటర్ మొనను ముందు నుంచి బలంగా గుచ్చి పిన్ను నోరు వెడల్పు చేశారు. మొదట లైటు ఎందుకు వెలిగిందో తెలియదు గానీ, ఇప్పుడున్న రోగం మాత్రం టెస్టు చేయబోయి తెచ్చిపెట్టినదే అని నా నమ్మకం.

ఆ పిన్ను విడిగా దొరకడమే కష్టం. కప్లర్ మొత్తం కొనాలంటారు, అదీ ఆర్డర్ మీద. పాత సామాన్ల షాపులో అదే రకం వైరింగ్ ముక్క దొరికింది, అందులోంచి బాగున్న పిన్ను తీసి, వైరుకు నొక్కి బిగించి (క్రింప్ చేసి), లాక్ సరిగ్గా పడిందో లేదో చూసి ఎక్కించాను. ఈసారి ఎంత వంచినా రీడింగు కదల్లేదు.

కోడ్ తుడిచేసి ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా నడిపి వచ్చాను. నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో 57, రోడ్డు మీద పోతుంటే 46. ఇంజన్ పక్కనుంచి పీల్చే గాలి బయటి ఎండకన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, ఆగినప్పుడు ఇంకా పెరుగుతుంది, అది ఫాల్ట్ కాదని ఓనర్‌కు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

బిల్లు దగ్గర మామూలే. "సూది మొన అంత పిన్నుకు ఇంతా అన్నా?" అన్నాడు. పిన్నుకు కాదు సామీ, ఏ పిన్నో కనుక్కున్నందుకు అన్నాను. మా ఊళ్ళో సామానుకు ఎంతైనా ఇస్తారు, వెతికినందుకు అడిగితే మాత్రం ముఖం మారిపోతుంది. చివరికి ఇచ్చాడు, కొంచెం తగ్గించాడు.

బండి రాత్రికి షెడ్డులోనే ఉంచమన్నాను, ఆయన బస్సుకు పోయాడు. పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందే కీ ఆన్ చేసి కూలెంట్ వేడి, గాలి వేడి పక్కపక్కన చూడాలి. రాత్రంతా చల్లబడిన బండిలో ఆ రెండూ దాదాపు ఒకటే ఉండాలి. బాగా తేడా వస్తే ఆయన వచ్చేలోగా మళ్ళీ కప్లర్ విప్పాలి.